మిథునరాశిలో మచ్చ

ఆత్మకూరు బస్టాండులో దిగి మార్కెట్ దిక్కు నడిస్తే, ఎరువుల దుకాణానికీ మిర్చి బజ్జీల బండికీ నడుమ ఇరుక్కుని ఒక ఫొటో స్టూడియో కనిపిస్తుంది. బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి. లోపల గోడ మీద మాత్రం ఎర్ర రంగుతో రాసిన హెచ్చరిక ఇప్పటికీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది: 'ఫొటోలపై వేళ్లు పెట్టరాదు.' పెట్టారో, అయిపోయారన్నమాటే! యజమాని సుదర్శన్ మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. కొత్త ప్రింటు మీద ఎవరి వేలిముద్రయినా పడితే మాత్రం శివాలెత్తుతాడు.

వయసు ఏభై దాటింది. ఈ చుట్టుపక్కల ఏ ఊరికి పోయి ఏ ఇంటి గోడ చూసినా అతను తీసిన పెళ్లి ఫొటో ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఇంతమంది మెడలో తాళి పడుతుంటే ఫ్లాషు కొట్టినవాడికి తన పెళ్లి మాత్రం కాలేదు. ఎందుకు కాలేదయ్యా అంటే, "ముహూర్తాలన్నీ ఊరోళ్లకే పంచిన, నాకు మిగల్లే" అని నవ్వుతాడు. అడిగినవాళ్లూ నవ్వేసి వెళ్లిపోతారు. స్టూడియో మీది గదిలోనే కాపురం. దాన్ని కాపురం అనొచ్చో లేదో గానీ, ఒక మంచం, ఒక స్టవ్వు, రాత్రికి రెండు జొన్నరొట్టెలు. తిన్న కంచాన్ని తానే కడిగి బోర్లించుకుంటాడు.

అతని చేతికి ఒక గుణం ఉంది. ముఖం కంప్యూటర్ తెర మీదికి రాగానే చెయ్యి ముందు మచ్చల మీదికే పోతుంది. మొటిమ, కాటు, చెమట జిడ్డు, పెళ్లి పందిట్లో లైట్ల వెలుగు లెన్సు అద్దానికి తగిలి ఎగిరిపడిన తెల్లటి గుండ్రాలు, అన్నీ మాయం. "సుదర్శన్ చేతిల పడితే కాకి గూడ హంసైతది" అని ఊళ్లో పేరు. ఎంత దరిద్రంగా వచ్చిన ఫొటోనైనా చేతిలో పెట్టేటప్పుడు "బ్రహ్మాండంగ వచ్చిందమ్మా" అనడం కూడా అతనికి అలవాటే. అది అబద్ధమని ఏనాడూ అనుకోలేదు. దుకాణం పెట్టుకున్నవాడు అలాగే మాట్లాడాలని అతని నమ్మకం.

ఇలాంటివాడికి ఆకాశం పిచ్చి అంటించింది బాలయ్య సారు. వనపర్తిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. తన సన్మానసభ ఆల్బం తీసుకుపోదామని స్టూడియోకు వచ్చి, గోడకు వేలాడుతున్న పెద్ద లెన్సు చూసి, "దీంతోని చుక్కలు తీసినవా ఎప్పుడన్న?" అని అడిగాడు. తీయలేదన్నాడు సుదర్శన్. "మరెందుకది? పెండ్లికొడుకు ముక్కు తీయనీకా?" అన్నాడు బాలయ్య. ఆ మాటతో మొదలైంది. ఆ ఏడాదే సుదర్శన్ ఆరంగుళాల అద్దమున్న టెలిస్కోప్ గొట్టం కొన్నాడు. ఆకాశం తిరిగే వేగంతోనే ఆ గొట్టాన్ని తిప్పే మోటారు స్టాండు బాలయ్య కొన్నాడు. ఇద్దరూ కలిసి గట్టు అనే ఊరి దగ్గర సుదర్శన్ మేనమామ చేనుకు పోయేవారు. అక్కడొక వెడల్పాటి పరుపుబండ ఉంది. దాని మీద నిలబడితే చుట్టూ ఆముదం చేలు, నెత్తిన చుక్కలు, అంతే. టీవీఎస్ ఎక్సెల్ మీద సుదర్శన్ ముందు, వెనక బాలయ్య, ఆయన ఒడిలో పసిపిల్లను పట్టుకున్నట్టు గొట్టం. దారిలో చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవారు.

వాళ్లు వెతికేవి గ్రహ నీహారికలు. చుక్క ముసలిదై చచ్చిపోయే ముందు తన ఒంటి పొరలను బయటికి ఊదేస్తుందట. ఆ పొగ దాని చుట్టూ వేల ఏళ్లు మెరిసి, పలచబడి, ఆరిపోతుంది. వెనకటివాళ్లు చిన్న దుర్భిణుల్లో చూసి ఇవేవో గ్రహాల్లా ఉన్నాయే అనుకున్నారు. గ్రహాలతో వాటికి ఏ చుట్టరికమూ లేదు, పేరు మాత్రం అంటుకుపోయింది. వాటిలో కొన్ని మరీ మసకవి. కంటికి ఎన్నటికీ ఆనవు. కెమెరా కన్ను నిమిషాల తరబడి తెరిచి ఉంచి, రాత్రి వెంబడి రాత్రి ఫొటోలు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే, అప్పుడు ఏదో ఉందా లేదా అన్నట్టు తేలుతుంది. ఎవరూ చూడని వాటి కోసం ఇంత తిప్పలెందుకని మీరడగొచ్చు. ఎవరూ చూడనివి కాబట్టేనని బాలయ్య అనేవాడు. సుదర్శన్‌కు ఆ జవాబు చాలా నచ్చింది. అతన్ని కూడా ఎవరూ పెద్దగా చూసింది లేదు.

అలా ఐదారు చలికాలాలు గడిచాయి. ఆ రోజుల్లో సుదర్శన్ ఒంటరిగా లేడు. ఆ సంగతి అతనికి అప్పుడు తెలియలేదు, తర్వాతే తెలిసింది.

ఇక తగాదా సంగతి. మిథునరాశిలో ఒక పాత నీహారికను పుష్యమాసమంతా తీశారు. ఫొటోలన్నీ పేర్చి చూస్తే ఒక మూల, పెద్ద చుక్క పక్కన, ఇంకొక మసక మచ్చ కనిపించింది. సుదర్శన్ చెయ్యి ఊరుకుంటుందా? ఇలాంటి తెల్లటి గుండ్రాలను ప్రతి పెళ్లిలో వందలు తుడిచిన చెయ్యి అది. పెద్ద చుక్క వెలుగు అద్దానికి తగిలి ఎగిరిపడిందని తేల్చుకుని, తుడిచేసి, ఆకాశం ఫొటోలు తీసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. ఎక్కడెక్కడివాళ్లో "ఎంత నీటుగా ఉంది" అని మెచ్చుకున్నారు. అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి చేశాడు. మాఘమాసం ముహూర్తాలు ముంచుకొస్తున్నాయని, పెళ్లిళ్లకు జాగా కావాలని, హార్డ్‌డిస్కులోని అసలు ఫొటోలన్నీ కొట్టేశాడు. ఆల్బం ఇచ్చేశాక అసలువి కొట్టేయడం స్టూడియో పద్ధతి. చుక్కల ఫొటోలకూ అదే పద్ధతి పట్టించాడు, మహానుభావుడు!

బాలయ్య తెల్లారి ఫోను చేశాడు. తుడవకముందు ఫొటోను ఆయన సుదర్శన్ తెర మీద ఒక్కసారే చూశాడు. ఆ మచ్చనూ చూశాడు.

"ఆ మచ్చ ఏదిరా?"

"అది మచ్చ గాదు సార్, లైటు ఎగిరింది. తీసేసిన."

"లైటు గాదు సుదర్శన్. అది ఉంది. ఎవరన్న రాసిపెట్టిండ్రో లేదో తెల్వదు గని, అది ఆకాశంలనే ఉంది. అసలు ఫొటోలు తియ్యి, చూద్దాం."

"అసలువి కొట్టేసిన."

బాలయ్య గొంతు పెరిగింది. నా కండ్లు అబద్ధమాడతాయా, నేను పిల్లలకు ముప్పై ఏండ్లు పాఠం చెప్పిన, నీకు పెండ్లి ఫొటోలకూ ఆకాశానికీ తేడా తెల్వదు అన్నాడు. సుదర్శన్‌కు కూడా ఉక్రోషం వచ్చింది. నలుగురు నవ్వుతరు సార్, లైటు మరకను చూపి కొత్త నీహారిక అంటే నవ్వులపాలైతం అన్నాడు. బాలయ్య ఇంకా ఏదో చెప్పబోతుండగానే ఫోను పెట్టేశాడు. ఏం చెప్పబోయాడో వినలేదు. ఎదురుగా పెళ్లివాళ్లు కూర్చుని ఉన్నారు.

కోతి పుండు బ్రహ్మరాక్షసి అన్నట్టు, ఆ మచ్చ కాస్తా పెరిగి పెద్దదై కూర్చుంది. పొలం పంచుకున్న అన్నదమ్ముల్లా ఇద్దరూ టెలిస్కోపును పంచుకున్నారు. గొట్టం ఆత్మకూరులో, మోటారు స్టాండు వనపర్తిలో. స్టాండు లేని గొట్టం ఎందుకు పనికొస్తుంది? రోజుకొక్క చుట్టు తిరిగే ఆ మోటారు ఇంకెవడికి పనికొస్తుంది? అది ఇద్దరికీ తెలుసు. అయినా పంతం పంతమే. రెండు చలికాలాలు దాటిపోయాయి. సుదర్శన్ అప్పుడప్పుడు స్టూడియో మూసి, మేడ మీదికెక్కి, మార్కెట్ దీపాల పైన కనిపించే నాలుగు చుక్కలను చూసి దిగివచ్చేవాడు. పక్కన ఎవరూ లేకపోతే చుక్కల పేర్లు కూడా నోటికి రావు. ఇది నేను చెప్పడం కాదు, అతనే ఒకసారి అన్నాడు.

కార్తీకం వెళ్లాక ఒక మధ్యాహ్నం జంగమ్మ స్టూడియో మెట్లెక్కింది. ఆమెది ఆత్మకూరు పక్క పల్లె. భర్త మల్లన్న పోయాడు. పెద్దకర్మకు గోడకు పెట్టే ఫొటో కావాలి. ఆయనకున్న ఫొటో ఒక్కటే, ఆధార్ కార్డు మీది గోరంత ముఖం. దాన్నే పెద్దది చెయ్యమని ఇచ్చిపోయింది. సుదర్శన్ మనసుపెట్టి చేశాడు. మసకను తేటపరిచాడు, చిరుగుల బనీను తీసి తెల్లచొక్కా తొడిగాడు, కనుబొమ్మ మీద అడ్డంగా ఉన్న పెద్ద మచ్చను నున్నగా తుడిచాడు. నిజం చెప్పొద్దూ, మంచి పనితనమే. జంగమ్మ తిరిగొచ్చిన రోజు ఫ్రేమును ఆమె ముందు పెట్టి, "బ్రహ్మాండంగ వచ్చిందమ్మా" అన్నాడు.

జంగమ్మ చాలాసేపు చూసింది. చీర కొంగుతో అద్దం తుడిచి మళ్లీ చూసింది.

"ఎవరీయన?" అంది.

"అదేందమ్మా, మీ ఆయనే."

"మా ఆయన గాదు సారు. మా ఆయనకు ఈడ మచ్చుంటది." ఫ్రేము మీద, కనుబొమ్మ ఉన్న చోట, వేలు పెట్టింది. "బొంబాయి పనికి పోయినప్పుడు రాయి పగిలి తాకింది. నేనే పసుపు పెట్టి కట్టిన. నలభై ఏండ్లు ఆ మచ్చ చూసుకుంటనే బతికిన. ఈయనెవరో పట్నపాయన లెక్కున్నడు. పరాయి మొగోన్ని నా ఇంట్ల గోడకు పెట్టుకోమంటవా?"

ఆమె వేలు అద్దం మీదే ఉంది. గోడ మీది ఎర్ర హెచ్చరిక ఆమె తల వెనకనే ఉంది. సుదర్శన్ ఆ వేలును తీయమనలేదు.

"మన్నించమ్మా, మళ్ల పెడ్త" అన్నాడు. ఆధార్ కార్డు ఇంకా అతని దగ్గరే ఉంది. మచ్చను అందులోంచి తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టాడు. చొక్కా కూడా తీసేసి పాత బనీనే ఉంచాడు. ఈసారి చూడగానే జంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఇగో, ఈయనే" అంది. ఫ్రేమును రొమ్ముకు హత్తుకుని మెట్లు దిగిపోయింది.

ఆమె పోయాక సుదర్శన్ షట్టరు సగం దించి కుర్చీలో కూలబడ్డాడు. మల్లన్న మచ్చ తిరిగి వచ్చింది, అసలు ఫొటో మిగిలి ఉంది కాబట్టి. మరి మిథునంలోని మచ్చ? దాన్ని తెచ్చుకోవడానికి ఏం మిగిల్చాడు? ఇన్నాళ్లూ సారుకు చాదస్తమని తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. ఆ పూట మొదటిసారి, ఒకవేళ అది నిజంగా ఉందేమో అనిపించింది. మచ్చ పోతే పోయింది, తాను అబద్ధాలకోరును చేసింది ఒక మనిషిని.

తెల్లారి వనపర్తి బస్సెక్కాడు. బాలయ్య భార్య మాలతి తలుపు తీసింది. సుదర్శన్‌ను చూసి ఆమె ముఖం విప్పారి, వెంటనే ముడుచుకుంది. లోపల బాలయ్య కిటికీ పక్క కుర్చీలో, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఎవరొచ్చిండ్రు?"

"సుదర్శన్ తమ్ముడొచ్చిండు."

"ఎందుకొచ్చిండో అడుగు."

మనిషి నాలుగడుగుల దూరంలో ఉన్నా మాట మాత్రం మాలతి మీదుగా పోవాలట. సుదర్శన్ కూడా ఆమె వైపే చూస్తూ చెప్పాడు. "మోటారు స్టాండు కోసం వచ్చిన అక్కా. ఆ మచ్చ మళ్ల తీస్త. ఈసారి కెమెరాను మధ్యల తిప్పి తీస్త. ఎగిరిన వెలుగైతే చుక్కల నడుమ జాగా మారుతది. ఆకాశంల ఉన్నదైతే అవే చుక్కల నడుమ ఉంటది."

"ఆ ఉపాయం గప్పుడే ఎందుకు తోచలేదో అడుగు."

"తప్పయింది అని చెప్పక్కా."

బాలయ్య చేత్తో లోపలి గదిని చూపాడు. మాలతి ఒక పాత చీరలో చుట్టిన మూటను తెచ్చింది. విప్పితే స్టాండు కొత్తదానిలా మెరుస్తోంది. నూనె కూడా వేసి ఉంది. వాకిలి దాకా సాగనంపడానికి వచ్చి ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"అమాసకొకసారి దాన్ని కరెంటుకు పెట్టి తిప్పుతడు తమ్మీ. తిప్పకుంటే బిగుసుకపోతదంటడు. అది తిరుగుడు కంటికి కనపడది గద, చెవి పెట్టి వింటడు." ఒకసారి లోపలికి చూసింది. "సుగర్ కండ్లలకొచ్చింది. కుడికన్ను పోయింది. ఎడమదాంట్ల జర వెలుతురుంది. ఎన్నొద్దులుంటదో దవాఖానల గూడ చెప్తలేరు. తీసేదేదో జల్ది తియ్యి."

మెట్ల మీద నిలబడిపోయాడు సుదర్శన్. గోడ వైపు తిరిగి కూర్చున్నది కోపంతో మాత్రమే కాదని అప్పుడర్థమైంది. వెలుతురు ఆ మనిషికి నొప్పి పుట్టిస్తోంది. ఆ కన్ను ఆరిపోయేలోగా ఆ మచ్చను ఆయనకు చూపించాలి, అంతే. బస్సులో మూటను ఒడిలో పెట్టుకుని, దారి పొడుగునా అదే అనుకున్నాడు.

తొందరపడితే ఆకాశం వింటుందా? మొదట చంద్రుడు అడ్డం. చంద్రుడు తగ్గేసరికి మబ్బు. మబ్బు పోతే కృష్ణానది మీది నుంచి మంచు. ఆత్మకూరు నుంచి గట్టు దాకా ఎక్సెల్ మీద పోవడం, బండ మీద అన్నీ బిగించడం, ఆకాశం వైపు చూసి తిట్టుకుంటూ తిరిగిరావడం. వెనక సీటు మీద గొట్టాన్ని తాళ్లతో కట్టాల్సి వచ్చింది, పట్టుకునే ఒడి లేదు. మంచు దిగితే అద్దం తుడవడానికీ, లైటు పట్టడానికీ, ఛాయ్ పోయడానికీ అన్నిటికీ తన రెండు చేతులే. ఒక్కోసారి అలవాటుగా "సార్, జర ఆ గుడ్డ ఇయ్యుండ్రి" అని చెయ్యి చాచేవాడు. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయేది. అంత చలిలో కన్నీళ్లు వస్తే చలివల్లే అని సర్దిచెప్పుకోవచ్చు, అదొక్కటే సుఖం.

చివరికి ఆకాశం కరుణించింది. వరుసగా కొన్ని రాత్రులు అద్దంలా తేటగా ఉంది. సుదర్శన్ కెమెరాను ఒక తీరుగా పెట్టి కొన్ని రాత్రులు, అడ్డంగా తిప్పి కొన్ని రాత్రులు తీశాడు. ఆఖరి రాత్రి బండ మీదే ల్యాప్‌టాప్ తెరిచి ఫొటోలన్నీ పేర్చాడు. మచ్చ ఉంది. కెమెరా తిప్పకముందూ తిప్పిన తర్వాతా అవే మూడు చిన్న చుక్కల నడుమ ఉంది. లైటు కాదు, దుమ్ము కాదు. ఎన్ని వేల ఏళ్ల కిందటో ఒక చుక్క వదిలిన ఆఖరి ఊపిరి అది. అక్కడే ఉంది, తాను తుడిచిన రోజు కూడా అక్కడే ఉంది.

"సార్!" అని గట్టిగా అరిచాడు సుదర్శన్.

అవతలి చేనులో అడవిపందులకు కావలి పడుకున్న ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. కన్నడం కలిసిన మాట ఆయనది. "ఏనాయ్తు సారూ? పామా?"

"పాము గాదు పెద్దాయనా."

"మరేంది?"

ఏం చెప్పాలి? ఎలా చెప్పాలి? "ఏం లేదు. పండుకో" అన్నాడు. ముసలాయన గొణుక్కుంటూ కంబళి ముసుగేసుకున్నాడు. ఫోను చేద్దామా అనుకుని మానేశాడు సుదర్శన్. ఫోనులో తెగిన మాట, చేతికి ఫొటో ఇచ్చి కలుపుకోవాలని అతని ఆశ. ఇంత సంతోషంలో అంత ఒంటరిగా అతను ఎన్నడూ లేడు. సామాను విప్పి మూట కట్టుకుని, తెల్లారేదాకా బండ మీద కూర్చున్నాడు.

స్టూడియోలో తెర ముందు కూర్చున్నప్పుడు చెయ్యి మళ్లీ పాత గుణం చూపబోయింది. అంచుల్ని కాస్త నున్నగా చేద్దామా, నడుమ కాస్త వెలుగు పెంచుదామా, చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది కదా అని. మౌసు వదిలేసి రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. మచ్చను ముట్టుకోలేదు. గోడకు పెట్టేంత పెద్ద ప్రింటు తీసి, గొట్టంలా చుట్టి, వనపర్తి బస్సెక్కాడు.

మాలతి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అతని చేతిలోని కాగితం చుట్టను చూసి చాట కింద పెట్టింది. లేవలేదు.

"మొన్న పొద్దుగాల లేచి, కరెంటు పోయిందా అని అడిగిండు తమ్మీ" అంది. "ఎండ ముఖం మీదనే పడ్తుండె."

సుదర్శన్ ఆ గడప మీదే కూర్చున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనేమో. తిరిగి వెళ్లిపోదామా అనిపించింది. ఇప్పుడు చూపించేదేముంది, ఎవరికి? లోపలి నుంచి బాలయ్య గొంతు వినబడింది. ఈసారి మాలతి మీదుగా కాదు.

"సుదర్శన్, ఎంతసేపు గడప మీద కూసుంటవ్? లోపటికి రా."

అతను లోపలికి పోయి ప్రింటును బాలయ్య ముందున్న బల్ల మీద పరిచి, మూలలకు నాలుగు పుస్తకాలు పెట్టాడు. బాలయ్య తలను అటూ ఇటూ తిప్పాడు. కళ్లు ఎక్కడా ఆగలేదు.

"ఉందా?"

"ఉంది సార్. తిప్పి తీసిన. కదలలే."

బాలయ్య ముఖంలో సంతోషం కనబడలేదు. "మాలతీ, నువ్వు చూడు."

మాలతి వంగి చూసింది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసింది. పాపం, అది అంత మసకది, ఎక్కడ చూడాలో తెలిసినవాళ్లకే ఆనుతుంది. "చుక్కలున్నయి. ఇంకేం కనపడతలేదు నాకు" అని ఒప్పుకుంది.

"చూసినవా? గుడ్డోన్ని, సంతోష పెడదామని వచ్చినవ్" అన్నాడు బాలయ్య. "నీ చేతికి లేంది పెట్టుడు గూడ వస్తది, ఉన్నది తీసుడు గూడ వస్తది. నేనెట్ల నమ్మాలె?"

ఇన్నేళ్లు ఎందరి ముఖాలో మార్చిన చెయ్యి, సాక్ష్యం చెప్పడానికి ఇప్పుడు దానికి హక్కు లేదు.

"ఎట్లుందో చెప్పు" అన్నాడు బాలయ్య.

నాలుక మీదికి 'బ్రహ్మాండంగ' అనే మాట దానంతటదే వచ్చింది. జంగమ్మ వేలు గుర్తొచ్చి మింగేశాడు. బల్ల మీదికి వంగి, ఉన్నది ఉన్నట్టు చూసి చెప్పాడు.

"మంచిగ లేదు సార్. పొయ్యి గట్టు మీద పాలు పొంగి ఎండినట్టుంది. రంగు గూడ లేదు. పైన జర మందం, పక్కలకు పలచన. సక్కగ గుండ్రంగ గూడ లేదు. కింద చినిగింది."

బాలయ్య కదలడం మానేశాడు.

"ఏమన్నవ్?"

"కింద చినిగింది సార్. పాత బట్ట చినిగినట్టు. లోపల నల్లగ కనపడ్తది."

బాలయ్య రెండు చేతులూ బల్ల అంచు పట్టుకున్నాయి. "గప్పుడు నీకు అదే చెప్తున్న. లైటు ఎగిరితే గుండ్రంగుంటది, చినగదు, ఇది కింద చినిగింది అని. నువ్వు ఫోను పెట్టేసినవ్."

"నేను వినలే సార్."

"వినలే. ఎర్కనే."

మాలతి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటోంది. "నువ్వు పెట్టేసినంక గూడ చెప్పిండు తమ్మీ" అంది. "ఉత్త ఫోను చెవికి పెట్టుకుని, చినిగింది సుదర్శన్, కింద చినిగింది అని చానసేపు చెప్పిండు. నేనే గుంజుకున్న."

సుదర్శన్ ఏడ్చాడు. చలి లేదు, సాకు లేదు, ఊరికే ఏడ్చాడు. బాలయ్య అతని భుజం కోసం గాలిలో తడిమి, దొరికాక పట్టుకున్నాడు.

"ఏడుందో నా వేలు పెట్టు" అన్నాడు.

సుదర్శన్ ఆయన చూపుడువేలు పట్టుకుని తీసుకుపోయి, మూడు చిన్న చుక్కల నడుమ, మచ్చ మీద ఆనించాడు. బాలయ్య వేలు అక్కడే ఉంచాడు. నున్నటి కాగితం తప్ప ఆ వేలికి తగిలేదేమీ లేదు. అయినా తీయలేదు.

కొంతసేపటికి మాలతి అంది, "తియ్యుండ్రి, కొత్త ఫొటో మీద వేలిముద్ర పడ్తది. తమ్మునికి గిట్టదు."

"ఉండనియ్యి అక్కా" అన్నాడు సుదర్శన్. "తుడువను."